తెలుగు వంటయింట పువ్వు : పదమును పదార్థమును

పువ్వనగానే మన సాహిత్యాభ్యాసకులకు స్ఫురించునది దేవతార్చన, స్త్రీల సిగ, ఋతువర్ణనము. ప్రబంధములు చదివినవారికి పుష్పలావికలును, పుష్పాపచయమును, మన్మథుని పూవింటిపై తుమ్మెదల నారియును జ్ఞప్తికి వచ్చును. కాని తెలుగు గృహములందు పువ్వునకు మఱియొక స్థానము కలదు. అది వంటయిల్లు. అచ్చట పువ్వు అలంకారము కాదు, ఆహారము. దానిని ఏరుట, ఒలుచుట, చేదు తీయుట, ఉడికించుట మున్నగు పనులకు వేర్వేఱు పద్ధతులును, ఆ పద్ధతులకు తగిన మాటలును ఉన్నవి. ఈ మాటలు కావ్యములందు అరుదు. నిఘంటువులందు చేరినవి సయితము తఱచుగ 'వృక్షవిశేషము', 'పుష్పవిశేషము' అను అర్థముతో ముగియుచున్నవి. వంటచేయు వారికి తెలిసిన విషయము పదకోశమున చేరకపోయినచో ఆ పనితోపాటు మాటయు మాసిపోవును. ఈ వ్యాసమున వంటయింటి పువ్వులను కొన్నిటిని గైకొని, వంటయిల్లు దేనిని పువ్వనుచున్నది, వృక్షశాస్త్రము దేనిని పువ్వనుచున్నది, ఈ రెంటికిని గల భేదమువలన నిఘంటుకారునకు కలుగు బాధ్యత యేమి అను మూడు విషయములను విచారింతము.

1. పువ్వు, పూత, పిందె

పూ, పూవు, పువ్వు అను రూపములు మూడును తెలుగున కలవు. తమిళమున 'పూ', కన్నడమున 'హూవు' దీనికి సోదరములు. పదాదిని తెలుగు పకారమునకు కన్నడమున హకారము వచ్చుట పాలు–హాలు అనుచోట వలె ఇచ్చటను కనబడును. ఇది ద్రావిడ భాషల యుమ్మడి సొత్తు.

చెట్టు జీవితమును వర్ణించుటకు తెలుగున మూడు క్రియలు కలవు: పూచు, కాచు, పండు. నామములు అంతకంటె సూక్ష్మమైనవి: మొగ్గ, పువ్వు, పిందె, కాయ, పండు. పువ్వు రాలి కాయ రూపొందుచున్న స్థితికి ప్రత్యేకముగ 'పిందె' యను మాట కలుగుట గమనింపదగినది. విడివిడిగ లెక్కింపదగినది పువ్వు. చెట్టునిండ ఒక్కసారిగ వచ్చునది పూత. మామిడికి పూత యందురు కాని మామిడిపువ్వని యనుట తక్కువ. వేపకు రెండును వాడుదురు. ఉగాది పచ్చడిలో వేయునది వేపపువ్వు. ఆ నెలలో చెట్టంతయు తెల్లనగుట వేపపూత. ఈ భేదము తోటమాలికిని, వంటచేయు గృహిణికిని తెలిసినంత స్పష్టముగ మన పాఠ్యగ్రంథములలో కనబడదు.

2. పేరును పువ్వే, పదార్థమును పువ్వే

మొదటి వర్గము పువ్వని పిలువబడుచు నిజముగ పువ్వులైనవి. వీనిలో ముఖ్యమైనది అరటిపువ్వు. ఖచ్చితముగ చెప్పినచో అది ఒక పువ్వు కాదు, ఒక పుష్పవిన్యాసము. గెల చివర వ్రేలాడు ఎఱ్ఱని ముద్దలో ఒకదానిపై ఒకటిగ దొప్పలుండును. ప్రతి దొప్ప క్రింద చిన్నపువ్వులు వరుసలుగ నమరియుండును. గెల మొదటి భాగమున వచ్చినవి ఆడుపువ్వులు, అవియే అరటికాయలగును. తరువాత చివరిభాగమున నిలుచునవి మగపువ్వులు. అవి కాయలు కావు. వంటకు వచ్చునది ఈ మగభాగము. హస్తములన్నియు ఏర్పడిన పిదప దీనిని కోసినను గెలకు నష్టము లేదు. పెక్కు తోటలలో కాయలకు బలము చేరుటకై దీనిని కోసివేయుదురు కూడ.

అరటిపువ్వును ఒలుచుట ఓర్పుతో కూడిన పని. ప్రతి చిన్నపువ్వునందును మధ్య గట్టిపుల్ల యొకటి, దాని ప్రక్క గాజువలె పలుచనైన పొలుసొకటి ఉండును. పుల్ల కీలమును కీలాగ్రమును కలిసినది. పొలుసు విడిగ నుండు ఒక దళము. రెండును ఉడుకవు. వీనిని తీయనిచో కూర నోటికి పుల్లలుగ తగులును. తమిళ గృహములలో ఈ పుల్లకు 'కళ్ళన్', అనగా దొంగ, అను పేరు కలదు. మెత్తని పువ్వునడుమ దాగి వంటను చెడగొట్టునది గనుక ఆ పేరు తగియున్నది. తెలుగునాట ఏయే సీమలలో దీనికేయే పేరున్నదో సేకరింపదగినది.

తరిగిన అరటిపువ్వు గాలి తగిలినంతనే నల్లబడును. దానియందలి కషాయద్రవ్యములు గాలిలోని ప్రాణవాయువుతో కలియుటయే దీనికి కారణము; ఆ కలయికను త్వరపెట్టునది పువ్వులోనే యున్న ఒక కిణ్వము. పులుపు ఆ కిణ్వమును మందగింపజేయును. కావుననే మన స్త్రీలు తరిగిన ముక్కలను మజ్జిగనీటిలో వేయుదురు; చేతులకు నూనె రాచుకొందురు; చింతపండును పసుపును చేర్చి ఉడికించి, నీరు పిండివేయుదురు. శాస్త్రమెరిగి చేసిన పని కాదు. ఫలమెరిగి చేసిన పని. ఇక ఆవ పెట్టుటయందును ఇట్టి యెఱుకయే కలదు. ఆవాలను నీటితో నూరినప్పుడే వాని ఘాటు పుట్టును. వేడి తగిలినచో ఎగిరిపోవును. అందుచేత కూరను పొయ్యిమీదినుండి దింపిన తరువాతనే ఆవముద్ద కలుపుదురు. 'ఆవ పెట్టుట' యనగా ఆవాలు వేయుట కాదు. పోపున వేసిన ఆవాలకును, ఆవ పెట్టిన కూరకును భేదము చెప్పని పదకోశము అర్థమును సగమే చెప్పినట్లగును.

గుమ్మడిపువ్వు రెండవది. గుమ్మడిపాదున మగపువ్వులును ఆడుపువ్వులును ఒకే తీగపై విడివిడిగ పూచును. ఆడుపువ్వు క్రింద పుట్టుకతోనే చిన్న పిందె యుండును. మగపువ్వు సన్నని పొడుగుకాడపై నిలుచును. కూరకు కోయునది మగపువ్వు. ఆడుపువ్వును కోసినచో కాయను కోల్పోయినట్లే. అయినను మగపువ్వులనన్నిటిని కోయరాదు. కొన్ని పాదుననే యుండినగాని తుమ్మెదలకు పుప్పొడి దొరకదు, పిందె నిలువదు. వంగదేశమునను ఉత్కళమునను ఈ పువ్వును బియ్యపుపిండిలో ముంచి వేయింతురు. తెలంగాణమున బతుకమ్మను పేర్చునపుడు గుమ్మడిపువ్వునకు గౌరవస్థానము కలదు. వంటకును పూజకును రెంటికిని పనికివచ్చు పువ్వులలో ఇది యొకటి. ఈ గుమ్మడి అమెరికా ఖండమునుండి వచ్చినది. దాని రాక 1492 తరువాతి మాట. ప్రాచీన గ్రంథములందలి కూష్మాండము బూడిదగుమ్మడి. ప్రాచీన వాఙ్మయమున 'గుమ్మడి' యనుమాట కనబడినచో పాఠకుడు నేటి పచ్చగుమ్మడిని ఊహింపరాదు.

మునగపువ్వు మూడవది. మునగ విస్తారముగ పూచును. వానిలో అధికభాగము కాయ కట్టకుండనే రాలిపోవును. చెట్టు క్రింద బట్ట పఱచి రాలిన పువ్వులను ఏరి, పెసరపప్పుతోనో పెరుగుతోనో వండుకొందురు. ఆంగ్లమునను శాస్త్రనామమునను కనబడు 'మొరింగ' యనునది తమిళ మలయాళముల 'మురుంగ' శబ్దమునుండి వెడలినది.

అవిసెపువ్వు తెల్లనిదియు ఎఱ్ఱనిదియు అని రెండు విధములు. పడవ ఆకారమున నుండు ఈ పువ్వు లోపలి కేసరములను తీసివేసి వండుదురు. చేదు ఎక్కువగ నచ్చటనే యుండును. తమిళదేశమున ఏకాదశి యుపవాసానంతరము ద్వాదశి పారణయందు ఈ చెట్టు ఆకు తినుట ఆచారము.

వేపపువ్వు మనకు చైత్రశుద్ధ పాడ్యమినాడు తప్పనిది. పంచాంగములు దీనిని 'నింబకుసుమ భక్షణము' అని పేర్కొనును. కాని ఉగాదినాటి చిటికెడు పువ్వుతో దాని కథ ముగియదు. పూతకాలమున చెట్టు క్రింద రాలిన పువ్వును ఏరి, పుల్లలు తీసి, నీడను ఆరబెట్టి, సంవత్సరమంతయు నిలువ చేయుట పెక్కు ఇండ్లలో నుండినది. నేతిలో వేయించి అన్నమున కలుపుకొనుట, చారులో వేయుట దాని వాడుకలు. నేతిలో వేగినపుడు చేదు కొంత తగ్గి కమ్మదనము కలుగును.

చింతపువ్వు వేసవి చివర వచ్చును. పసుపువన్నె దళములపై ఎఱ్ఱని చారలతో నుండు ఈ చిన్నపువ్వు పుల్లనిది. పచ్చడిగను పప్పులోను వాడుదురు. చింతచిగురు పేరు పట్టణవాసులకును తెలియును. చింతపువ్వు పేరు పల్లె దాటి రాలేదు.

3. కాయ కాని పువ్వు

పై యుదాహరణములను కలిపి చూచినచో ఒక నియమము పొడగట్టును. 'పూచినవన్నియు కాయలగునా' యని సామెత. వంటయిల్లు ఈ సామెతను నీతిగ కాక విధానముగ గైకొన్నది. అరటియందు మగభాగము, గుమ్మడియందు మగపువ్వు, మునగయందును వేపయందును రాలినపువ్వు. అనగా కాయ కాజాలని పువ్వునే ఎన్నుకొన్నది. చింతపువ్వు చెట్టునుండి కోయబడును గాని, అదియు కాయలకంటె ఎన్నో రెట్లు పూచు చెట్టు. పంటకు చేటు రాకుండ పూతనుండి ఒక పూట కూర సంపాదించుట ఈ విధాన రహస్యము. పువ్వును తినుట విలాసమని భావించుట పొరపాటు. నేడు పెద్ద భోజనశాలలలో పళ్ళెమునకు అందము కూర్చుటకై పువ్వులు చల్లుచున్నారు. మన పల్లెలలో పువ్వు కూరగాయలు కొఱవడిన రోజులలో వచ్చు వంటకము.

ఈ నియమమునకు ఉత్తమోదాహరణము ఇప్పపువ్వు. తమిళమున 'ఇలుప్పై', కన్నడమున 'ఇప్పె', తెలుగున 'ఇప్ప' అను సోదరరూపములు ఈ చెట్టుతో దక్షిణదేశమునకు గల పూర్వసంబంధమును తెలుపుచున్నవి. సంస్కృతమున 'మధూకము', హిందీ 'మహువా' దానినుండి వచ్చినది. ఈ పువ్వు దళములు కండగలిగి, కలిసి ఒక చిన్న బుడ్డివలె నుండును. వేసవి మొదట తెల్లవారుజామున ఆ దళభాగము మాత్రము రాలును. అండకోశము చెట్టుననే నిలిచి, తరువాత కాయగును. ఆ గింజలనుండి ఇప్పనూనె తీయుదురు. ఒకే పువ్వు ఇట్లు ఆహారమును నూనెను రెంటిని ఇచ్చుచున్నది. ఎండిన పువ్వున సుమారు సగము బరువు చక్కెరలే. ఆదిలాబాదు, భద్రాచల ప్రాంతములలోను గోదావరి మన్యమునను గోండు, కోయ, కొండరెడ్డి జనులు దీనిని ఏరి, ఎండబెట్టి, ధాన్యము తరుగు నెలలలో ఉడికించియు వేయించియు తినుచు వచ్చిరి. చెఱకుగానుగ లేని ఊరికి ఇప్పపువ్వే చక్కెర యను భావముగల సామెత తమిళమున కలదు.

కాని ఇప్పపువ్వనగానే మైదానవాసులకు తోచునది సారాయి మాత్రమే. 1892లో బొంబాయి రాజధానిలో ఇప్పపువ్వును సేకరించుటను నిలువచేయుటను నియంత్రించు చట్టమే వచ్చినది. ఆబ్కారీ దృష్టిలో అది ముడిసరకు. అడవిబిడ్డల దృష్టిలో అది వేసవి గడచు దారి. 2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలసాయముపై వారికి హక్కును గుర్తించినది. ఇటీవలి సంవత్సరములలో ఉట్నూరు ప్రాంతపు ఆదివాసి స్త్రీలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి విక్రయించుచున్నారు. ఇప్పపువ్వునకు 'మద్యోపయోగి' యను నర్థము మాత్రమే వ్రాయు నిఘంటుకారుడు తెలియకయే ఒక జనసముదాయపు ఆహారమును చెఱపివేసినవాడగును. పదమున కర్థము వ్రాయుట నిర్దోషమైన పని యని మనము భావింతుము. ఎల్లవేళల అట్లు కాదు.

4. పేరే పువ్వు, పదార్థము వేఱు

రెండవ వర్గము పువ్వని పేరుండియు పువ్వు కానివి. రాతిపువ్వు మసాలాలలో చేరు బూడిదవన్నె పొర. ఇది బూజుజాతియు నాచుజాతియు కలిసి బండలపైనను మ్రాకులపైనను పెరుగు జీవి. సంస్కృతమున 'శైలేయము'. ఇది పూయదు, పూయు మొక్కయే కాదు.

అనాసపువ్వు ఎనిమిది రేకుల నక్షత్రమువలె కనబడును. ఆ రేకులు దళములు కావు. ఎండి విచ్చిన కాయ తొనలు. ఒక్కొక్క తొనలో ఒక గింజ యుండును. ఇది దక్షిణ చీనా, ఉత్తర వియత్నాము ప్రాంతముల చెట్టు. అనాసపండునకును దీనికిని వృక్షసంబంధ మేమియు లేదు.

కొబ్బరిపువ్వు మఱియు చిత్రమైనది. మొలకెత్తిన కొబ్బరికాయను పగులగొట్టినపుడు లోపల తెల్లగ, మెత్తగ, తియ్యగ నుండు ముద్దకు ఈ పేరు. అది మొలక తన యాహారమునకై కొబ్బరిని పీల్చుకొనుటకు పెంచిన బీజదళభాగము. చెట్టుపై పూయు నిజమైన కొబ్బరిపూత వేఱు.

ఈ పేర్లు అజ్ఞానమువలన పుట్టినవని త్రోసివేయరాదు. వంటయింటి 'పువ్వు' రూపమును బట్టి ఏర్పడిన సంజ్ఞ. విచ్చుకొని రేకులుగ నున్నది, మెత్తగ ఉబికినది పువ్వు. 'కంటిలో పువ్వు' అని కంటి తెల్లమచ్చను చెప్పు వాడుకయు ఇట్టిదే. అర్థవిస్తృతికి ఇంతకంటె సులభమైన ఉదాహరణములు మన విద్యార్థులకు దొరకవు.

5. పదార్థము పువ్వే, పేరు వేఱు

మూడవ వర్గము దీనికి విపర్యయము. లవంగము ఎండిన పూమొగ్గ. మొలుక్కా ద్వీపములు దాని జన్మస్థానము. తలపై నుండు గుండ్రని భాగము విచ్చని దళములు. క్రింది నాలుగు కొనలు రక్షకపత్రములు. విచ్చినచో దాని విలువ తగ్గును. కావున మొగ్గగనే కోయుదురు. దానిని తినువారిలో ఎందఱు పువ్వును తినుచున్నామని తలంతురు? జాపత్రి సంస్కృత 'జాతీపత్రి' శబ్దభవము. పేరున పత్రము కలదు కాని అది ఆకును కాదు, పువ్వును కాదు. జాజికాయ గింజను చుట్టిన ఎఱ్ఱని పొర.

ఈ రెండు వర్గములకు నడుమ నిలుచునది కుంకుమపువ్వు. అది పువ్వు కాదనలేము, సంపూర్ణముగ పువ్వును కాదు. కాశ్మీరమున పాంపూరు ప్రాంతపు చేలలో శరత్తున పూయు ఊదావన్నె పువ్వులోని మూడు ఎఱ్ఱని కీలాగ్రములు మాత్రమే మనము పాలలో కలుపుకొనునవి. ఒక గ్రాము ఎండిన కుంకుమపువ్వునకు సుమారు 150 పువ్వులు కావలయును. మొత్తము పేరు భాగమునకు వచ్చినది. మొగలిపువ్వు దీనికి భిన్నము. దానిని తినరు, దాని పరిమళజలమును పులావులలోను మధురపదార్థములలోను వాడుదురు. తెలుగువారు గణనీయముగ నివసించు గంజాము జిల్లా ఈ పరిశ్రమకు ప్రసిద్ధి. అచ్చటను సువాసనకు పనికివచ్చునది మగపువ్వే.

6. నిఘంటుకారుని బాధ్యత

ఇంతవఱకు చెప్పినది కుతూహలమునకు మాత్రమే సంబంధించినదని యెవరైన అనవచ్చును. అట్లు కాదు. 'అవిసె' యను మాటను చూడుడు. పువ్వును ఆకును తినదగిన చెట్టు అవిసె. నూనెగింజలనిచ్చు చిన్నపైరును అవిసెయే. మొదటిది సంస్కృతమున అగస్త్యవృక్షము, రెండవది అతసి. రెంటికిని కుటుంబసంబంధము లేదు. 'అవిసెపువ్వు' అని వంటగ్రంథమున చదివినవాడు రెండవదానిని గ్రహించినచో వంట చెడును. ఔషధగ్రంథమున చదివి పొరపడినచో అంతకంటె కీడు.

అనాసపువ్వు విషయమున ఈ కీడు ప్రత్యక్షముగనే జరిగినది. దానిని పోలినదే జపానుదేశపు జాతి యొకటి కలదు, అది విషము. ఎండిన పిమ్మట కంటితో వేఱుపఱచుట కష్టము. అనాసపువ్వు కషాయము త్రాగిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చినందున 2003లో అమెరికాదేశపు ఆహార ఔషధ పరిపాలనశాఖ ఆ కషాయమును వాడవలదని హెచ్చరించినది. పేరొకటే యగుట ప్రాణముమీదికి తెచ్చు సందర్భములును కలవన్నమాట. మన పెరళ్ళలోని గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త చూడ ముచ్చటైనవి, తిన్నచో చంపునవి. పూజకు పనికివచ్చినదెల్ల నోటికి పనికిరాదు. ఏది తినదగినదో, ఏ భాగము తినదగినదో తెలిపిన జ్ఞానము గ్రంథములందు కాక అమ్మమ్మల చేతులలో నిలిచినది.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము రైతుల మాటలను పొలములకు వెళ్ళి సేకరించి, వానికి ప్రాంతములను నిర్దేశించి, శాస్త్రీయముగ కూర్చినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు చూపిన ఆ మార్గమున వంటయింటి పువ్వులను గూర్చియు మన విద్యార్థులు పనిచేయవచ్చును. ప్రతి పువ్వునకును అయిదు ప్రశ్నలు వేసికొన్న చాలును: చెట్టు ఏది? తినునది పువ్వులో ఏ భాగము? కోయుదురా, రాలినది ఏరుదురా? ఏ భాగమును తీసి పాఱవేయుదురు, దానిపేరేమి? ఏ మాసమున, ఏ వంటకమున వాడుదురు? ఈ అయిదింటికి సమాధానమున్నచో 'పుష్పవిశేషము' అను మాటతో నిఘంటుకారుడు తప్పించుకొనవలసిన యగత్యముండదు.

ఈ పరిశోధనకు తాళపత్రములు వెదకనక్కఱలేదు. దూరదేశములకు పోనక్కఱలేదు. సెలవులకు ఇంటికి వెళ్ళిన విద్యార్థి వంటయింట పీట వేసికొని కూర్చుండి, అరటిపువ్వు ఒలుచుచున్న పెద్దదిక్కును ఒక్కొక్కటిగ అడిగి వ్రాసికొన్న చాలును. అయితే ఈ పనికి గడువు కలదు. చెప్పగలవారు వృద్ధులు. అరటిపువ్వును ఒలిచి సంచులలో అమ్ముచున్న ఈ కాలమున, ఒలుచుటతోపాటు పారవేసిన ఆ చిన్నపుల్ల పేరును మన ముందరనే పారవేయబడుచున్నది. దానిని ఏరి పెట్టుట తెలుగుశాఖల పని.